ఇంగ్లీషుకీ ఒక అగ్రహారం ఉంది



ఒక ఆదివారం పొద్దున్నే చిత్తూరు పక్క అరుంధతివాడ నుంచి ఒక అన్న మా ఇంటికి వచ్చినాడు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి తెలుగుది. ఎకరా డి.కె.టి. భూమిని మూడు లక్షలకు ఊర్లో పెద్ద రైతుకు కుదవ పెడుతున్నట్టు తెల్లకాగితం మీద రాసి ఉంది. వేలిముద్ర ఒక్కటే తక్కువ. రెండోది ఇంగ్లీషుది. ఆయన కూతురికి థాయిలాండులో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఖాయమైందని తిరుపతిలో ఒక ఏజెంటు ఇచ్చిన కాగితం.

"రేపు దుడ్లు కట్టాలంట సార్. పాప చదివింది, బాగుండాదంటా ఉంది. దానికుండే ఆశకు అన్నీ బాగానే కనపడతాయి. మీరొకసారి చూడండి" అన్నాడు.

ఆ పాప ఆ వాడలో మొదటి ఎం.ఏ. ఇంగ్లీషు ఎం.ఏ., పైన బి.ఇడి. అమ్మ మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోతాది, మిగతా కాలంలో కూలికి. మేము కాగితం చదివినాము. ఏ బడిలో ఉద్యోగమో పేరు లేదు. జీతం దగ్గర "ఇంతవరకు" అని ఉందే గానీ "ఇంత" అని లేదు. ముందు టూరిస్టు వీసా మీద పోవాలి, పోయినాక మార్చుకోవచ్చు అని ఉంది. కట్టిన డబ్బు ఏ కారణానా తిరిగి ఇవ్వబడదు అని మాత్రం లావుపాటి అక్షరాల్లో ఉంది.

ఆ ఇంట్లో ఆ రోజు పడిన ముడి ఇప్పుడు చాలా వాడల్లో పడతా ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. పిల్లలు విదేశాలకు పోవడం తప్పని మేము చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్లు మనలోనూ ఉన్నారు. "చదువుకున్నోళ్లంతా ఎగిరిపోతే ఉద్యమానికి ఎవరు మిగులుతారు?" అంటారు. ఆ మాట అనేముందు ఆ పాప ఇంటి పొయ్యిలోకి ఒకసారి తొంగి చూడండి. 2018లో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. మళ్లీ రద్దు కాకుండా నిలిచిన పెద్ద నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. పోస్టులు 16,347. రాసినవాళ్లు మూడు లక్షలకు పైమాటే. నడుమ ఆ ఏడేండ్లు మన బి.ఇడి. పిల్లలు ఏం తిన్నారు? ప్రైవేటు బళ్లలో పది, పన్నెండు వేలకు పొద్దున్నించి పొద్దుగూకేదాకా గొంతు చించుకున్నారు. ఎండాకాలం రెండు నెలలు ఆ జీతమూ లేదు. అట్లాంటి పిల్ల "నేను పోతాను" అంటే, ఉండమని చెప్పే హక్కు మనలో ఎవరికుంది?

బాబాసాహెబ్ పోలేదా? 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్పుతో అమెరికా పోయినాడు. నడుమ చదువు ఆపి రావలసి వస్తే, 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ జీతంలో మిగిల్చి, 1920లో మళ్లీ లండన్ పోయినాడు. తక్కువైనదానికి కొల్హాపూరు షాహూ మహారాజు సాయపడినాడు. మిత్రుడు నావల్ భతేనా దగ్గర ఐదు వేలు అప్పు తీసుకున్నాడు. గమనించండి. ఆయన పోవడానికి డబ్బు వచ్చింది పాఠం చెప్పిన జీతం నుంచి, అండగా నిలిచిన మనుషుల నుంచి. ఏ బ్రోకరు జేబులోనూ ఆయన ఒక్క పైసా పెట్టలేదు.

కాబట్టి పోవాలా వద్దా అనేది మన ప్రశ్న కాదు. ఎవరి చేతుల మీదుగా పోతున్నాం, ఏ షరతుల మీద పోతున్నాం? ఇదీ ప్రశ్న.

ఇప్పుడు ఇంగ్లీషు సంగతికి వద్దాం. మన జిల్లాకు ఇంగ్లీషు కొత్త కాదు. ఆర్కాట్ మిషన్ దొరలు మదనపల్లె, పుంగనూరు, పలమనేరు పక్క తిరుగుతున్న కాలం నుంచీ ఉంది. ఊరి బడి అరుగు ఎక్కనియ్యని చాలా వాడల పిల్లలకు మొదట పలక ఇచ్చింది మిషన్ బడే. ఆ తర్వాత మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం కాలేజీ వచ్చింది. ఐర్లండు నుంచి 1915లో ఇండియాకు వచ్చిన జేమ్స్ కజిన్స్ ఆ కాలేజీలో పాఠాలు చెప్పినాడు, ప్రిన్సిపాల్ అయినాడు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. దానికి స్వరం కట్టినది కజిన్స్ భార్య మార్గరెట్. మంచివాళ్లు. వాళ్లతో మనకు తగాదా లేదు. కానీ ఒక్క విషయం అడగాలి. సముద్రాలు దాటి మదనపల్లెకు వచ్చిన ఆ ఐరిష్ పంతులును "నీ యాస ఎట్లుందో వినిపించు, నీ ముఖం ఫోటో పంపు" అని మనవాళ్లు ఎవరైనా అడిగినారా?

మన పిల్ల పోతానంటే అడుగుతున్నారు!

దక్షిణ కొరియా సంగతి చూడండి. అక్కడ ఇంగ్లీషు నేర్పే టీచరు వీసా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా. వీళ్లు 'నేటివ్ స్పీకర్లు', అంటే పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. ఆ దేశం పాస్‌పోర్టు ఉండి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, లెక్కల డిగ్రీ అయినా సరే. మన దేశంతో చేసుకున్న వ్యాపార ఒప్పందం 2010లో అమలుకొచ్చినాక మనకూ ఒక కిటికీ తెరిచినారు. కానీ మనకు డిగ్రీ ఒక్కటే చాలదు, పైన టీచరు సర్టిఫికెట్టూ ఉండాలి. వాళ్లకు ఏ డిగ్రీ అయినా చాలు. మనకు రెండు కావాలి. ఈ లెక్క మనకు కొత్తా? ఊర్లో బావి దగ్గర చూడలేదా? గుడి దగ్గర చూడలేదా? ఎంత చదివినావని కాదు, ఎక్కడ పుట్టినావని అడిగేదాన్ని మన భాషలో కులం అంటారు. ఇంగ్లీషుకీ ఒక అగ్రహారం ఉంది. దానికి ఏడు వీధులు. మిగతా లోకమంతా ఊరి బయటి వాడే.

ఆ ఏడు వీధుల్లో కూడా అందరూ ఒకటి కాదు. దరఖాస్తుతో పాటు ఫోటో అడిగే బళ్లు ఆసియా దేశాల్లో చాలా ఉన్నాయి. పాస్‌పోర్టు అమెరికాదైనా ఒళ్లు నల్లగా ఉంటే తలుపు వేసిన కథలు అక్కడి నల్లజాతి టీచర్లు ఎన్నో చెప్తారు. రంగూ పుట్టుకే కదా.

పుట్టుకతో మాట్లాడితే బాగా నేర్పగలరనేది అబద్ధం. దీన్ని మేమొక్కరమే అనడం లేదు. రాబర్ట్ ఫిలిప్సన్ అనే ఇంగ్లీషాయనే 1992లో పుస్తకం రాసి, ఇది ఒట్టి భ్రమ అన్నాడు. ప్రపంచంలో ఇంగ్లీషు టీచర్లకున్న పెద్ద సంఘం టెసోల్, ఇట్లాంటి వివక్ష తప్పని 2006లో ప్రకటన చేసింది. మన బడి అనుభవమూ అదే చెప్తుంది. తల్లి ఒడిలో ఇంగ్లీషు నేర్చినవాడికి, పిల్లవాడు ఎక్కడ తడబడతాడో తెలియదు. మేము పడినాము కాబట్టి మాకు తెలుసు. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లీషే మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 2 లక్షల 60 వేలకు లోపే. మిగతా మనమందరమూ బడిలో నేర్చుకున్నవాళ్లమే. నేర్చుకున్నవాడే నేర్పగలడు.

మన ఇంట్లోని తప్పు కూడా ఒప్పుకోవాలి. మా ఇంట్లో మాకు ముందు సంతకం పెట్టినవాళ్లు లేరు. ఇంగ్లీషు సర్కారు బడిలో నేర్చినాము. వ్యాసాలు బట్టీ పట్టినాము, వ్యాకరణం వల్లె వేసినాము. డిగ్రీ చేతికి వచ్చేదాకా నలుగురిలో నోరు విప్పి ఒక్క వాక్యం మాట్లాడలేదు. ఇప్పుడు టీచర్లమై మా పిల్లలకు మేమూ అట్లాగే చెప్తున్నాము. ఆ పాప రాసే ఇంగ్లీషు శుభ్రంగా ఉంటాది. ఫోనులో మాట్లాడాల్సి వస్తే చెమటలు పోస్తాయి. ఏజెంటు ఆ భయాన్నే కొనుక్కుంటున్నాడు. "నువ్వు ఇంటర్వ్యూ ఇవ్వక్కర్లేదు పాపా, అంతా నేను చూసుకుంటా" అన్నాడంట. ఇంటర్వ్యూ లేకుండా టీచరును పెట్టుకునే బడి ఏ దేశంలో ఉంది? మన ఊరి కాన్వెంటు కూడా ఒక పాఠం చెప్పించి చూస్తాది కదా!

ఇంగ్లీషు మీడియం గొడవలో మనల్ని తిట్టినవాళ్లను కూడా ఇక్కడే తలుచుకోవాలి. 2019 నవంబరులో సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం అని జీవో వస్తే "తెలుగు చచ్చిపోతుంది" అని గోల పెట్టినారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేస్తే పండగ చేసుకున్నారు. వాళ్లలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో చదివినారో లెక్క తీయండి. వాళ్ల పిల్లలు విమానం ఎక్కితే ప్రతిభ, మన పిల్లలు నోరు తెరిస్తే తెలుగుకు ద్రోహం! తెలుగును మోసినది మన పాట, మన పని. ఇప్పుడు ఇంగ్లీషును మోయడానికీ మనకు భుజాలున్నాయి.

ఇక చట్టం సంగతి. ఇది మెల్లగా చదవండి, చదవలేనివాళ్లకు చదివి వినిపించండి.

విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఎవడైనా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరు కావాలి. వాడు మన దగ్గర తీసుకోగలిగిన సర్వీసు చార్జీ అత్యధికం 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. రసీదు ఇచ్చి తీరాలి. మూడు లక్షలు ఎక్కడి లెక్క? రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వ్యాపారం చేస్తే రెండేండ్ల దాకా జైలు అని ఆ చట్టంలో ఉంది. జరిమానా ఎంతో తెలుసా? రెండు వేల దాకా! మూడు లక్షలు మింగినవాడికి రెండు వేలు. ఈ చట్టం రాసినవాళ్లు ఎవరి పక్కన కూర్చుని రాసినారో మీరే ఆలోచించండి.

ఇంకో కిటుకు ఉంది. పదో తరగతి పాస్ కాని మన అక్కచెల్లెళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోవాలంటే, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి కాగితాలు చూసి అనుమతి ఇవ్వాలి. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఈ నియమం. ఆ చూపు ఎంత గుడ్డిదో కువైట్ పోయివచ్చినవాళ్లకు తెలుసు. అయినా పేరుకైనా ఒక చూపు ఉంది. డిగ్రీ చదివిన పాప పాస్‌పోర్టుకు ఆ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నావు, నీ మంచిచెడ్డలు నువ్వే చూసుకో అని దీని భావం. ఇంట్లో మొదటిసారి చదువుకున్న పిల్లకు విదేశీ కాంట్రాక్టు చదవడం ఎవరు నేర్పినారు? బ్రోకర్లు ఇప్పుడు డిగ్రీ పిల్లల వెంట పడింది ఈ సందు చూసే.

ఈ సందులో పడితే ఏమవుతాదో కూడా చూసినాము. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. సింగపూరులో కంప్యూటరు ఉద్యోగమని చెప్పి మన తెలుగు పిల్లల్ని కంబోడియాకు తోలి, అక్కడ బంధించి సైబరు మోసాలు చేయించినారు. టీచరు ఉద్యోగమనే ఎర కూడా అదే గాలానికి తగిలించగలరు.

పోరాడి గెలిచినవాళ్లూ ఉన్నారు. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికాలో లూసియానా బళ్లకు పోయిన 350 మంది టీచర్ల దగ్గర ఏజెంటు వేల డాలర్లు గుంజింది. ఆ అప్పుతోనే వాళ్ల నోరు కట్టేసింది. వాళ్లు ఒక్కొక్కరుగా ఏడవలేదు. టీచర్ల యూనియన్‌ను, పౌరహక్కుల లాయర్లను కలుపుకుని కోర్టుకెక్కినారు. 2012 డిసెంబరులో 45 లక్షల డాలర్లు చెల్లించాలని జ్యూరీ తేల్చింది. సంఘం ఉన్నచోట టీచరు బానిస కాదు.

ఆ అన్న చేతిలోని మొదటి కాగితం సంగతి కూడా చెప్పాలి. డి.కె.టి. భూమిని అమ్మకూడదని, కుదవ పెట్టకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా తెల్లకాగితాల మీద మన భూములు పోతానే ఉన్నాయి. 2023లో చట్టాన్ని సవరించి, ఇరవై ఏండ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కు అన్నాక ఆ భూముల మీద చూపులు ఇంకా పెరిగినాయి. బ్రోకరు ఒక పక్క, భూమి కావాల్సినవాడు ఒక పక్క. నడుమ మన బిడ్డ ఆశ. ఆ బ్రోకరుకు ఇల్లు చూపించినది ఎవరు? బాధతో రాస్తున్నాము: మనవాడే. మెడలో నీలం కండువా వేసుకుని జయంతి రోజు మైకు పట్టినవాడే, తలకు ఇంత అని కమీషన్ తీసుకున్నాడు. శత్రువును తిట్టడం సులభం. ముందు మన ఇంటి గడప ఊడ్చుకోవాలి.

మరి పిల్లలు ఎట్లా పోవాలి? తలుపులు లేకపోలేదు. గల్ఫ్‌లో మన సి.బి.ఎస్.ఇ. చదువు చెప్పే భారతీయ బళ్లు ఉన్నాయి. మాల్దీవుల దీవుల్లో, భూటాన్ కొండల్లో మన దేశపు టీచర్లు ఏండ్ల తరబడి పాఠాలు చెప్పినారు. హేలీ సెలాసీ చక్రవర్తి కాలం నుంచి ఇథియోపియాలో చెప్పినారు. ఎక్కడైనా అడిగేది దాదాపు ఒకటే: డిగ్రీ, బి.ఇడి., కొంత అనుభవం, అటెస్టేషన్ చేయించిన సర్టిఫికెట్లు, పోలీసు క్లియరెన్సు, ఇంటర్వ్యూ. చాలాచోట్ల ఇంగ్లీషు పరీక్ష మార్కులు కూడా. పాస్‌పోర్టుకు, పోలీసు క్లియరెన్సుకు తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రం చాలు. సర్టిఫికెట్ల మీద విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్రకు సర్కారు ఫీజు 50 రూపాయలు, పైన కొద్దిపాటి సర్వీసు చార్జీ. దానికే వేలకు వేలు గుంజేవాళ్లు మన బజార్లలో ఉన్నారు.

వాడవాడకూ మా మాట ఇది. కాగితం సంఘానికి చూపించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. బడి పేరు లేని ఉత్తర్వును చించేయండి. టూరిస్టు వీసా మీద పనికి పోవద్దు. పోతే అక్కడి పోలీసుల లెక్కలో దొంగ నువ్వే, బ్రోకరు కాదు. రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. భూమి కాగితం పెట్టె లోంచి బయటకు తీయొద్దు.

సర్కారును అడుగుతున్నాము. కేరళలో ఒడెపెక్ అనే ప్రభుత్వ సంస్థ 1977లో పుట్టింది. నర్సులను, టీచర్లను విదేశాలకు పంపుతోంది. మన రాష్ట్రానికీ ఓంక్యాప్ అని ఒకటి పెట్టినారు. అది మన బి.ఇడి. పిల్లల కోసం జిల్లా జిల్లాకూ రావాలి, ఎస్సీ, ఎస్టీల దగ్గర ఫీజు తీసుకోకూడదు. పరీక్ష ఫీజుకు, ముద్రల ఖర్చుకు, విమానం టికెట్టుకు ఎస్సీ కార్పొరేషన్ అప్పు ఇవ్వాలి. గేదెలకు, ఆటోలకు ఇచ్చే అప్పు టీచరుకు ఎందుకివ్వరు? స్టడీ సర్కిళ్లలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాలి. ఇది భిక్ష కాదు, మన వాటా.

ఇంగ్లీషు టీచర్లమైన మనకు కూడా ఒక పని ఉంది. వారానికి రెండు సాయంత్రాలు అంబేడ్కర్ భవనంలోనో చెట్టు కిందనో పిల్లల చేత మాట్లాడిద్దాం. తప్పులు మాట్లాడనిద్దాం, నవ్వకుండా విందాం.

ఆ అన్న వేలిముద్ర వేయలేదు. ఆ సోమవారం దుడ్లు కట్టలేదు. పాప మా మీద కోపంతో రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం వచ్చింది. "సార్, ఫోన్లో ఇంటర్వ్యూ ఎట్ల మాట్లాడాలో నేర్పిస్తారా?" అనింది. ఇప్పుడు తనే మాల్దీవుల బళ్లకు, గల్ఫ్ బళ్లకు నేరుగా దరఖాస్తులు పెడతా ఉంది. ఇంకా జవాబు రాలేదు. రాకపోవచ్చు కూడా. ఆ అగ్రహారం తలుపు అంత సులభంగా తెరుచుకోదు. కానీ ఎకరా భూమి వాళ్ల చేతిలోనే ఉంది, ఈ సారి కూడా వేరుశెనగ వేసినారు. ఆ పిల్ల సాయంత్రాలు వాడలో పదిమంది పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడిస్తా ఉంది.

ఆమె పోతాది. పోవాలి. తలెత్తుకుని, తన పేరు మీద, తన కాగితాలతో పోవాలి. ఆ పిల్ల వెనక ఒక సంఘం ఉందని ఆ దేశంలో యజమానికీ తెలియాలి, తిరుపతిలో బ్రోకరుకూ తెలియాలి.

మీ వాడలో ఇట్లాంటి కాగితం ఎవరి చేతిలోనైనా కనపడితే, ఈ పత్రిక ఇచ్చినవాళ్లకు చూపించండి. డబ్బు కట్టినాక కాదు, కట్టకముందే!

జై భీమ్!